తోడుకెళ్లిన ఎలీసమ్మ హెడ్మిస్ట్రెస్ అయిన వైనం

ఎలీసమ్మ ఎం.ఎడ్. చదవాలని ఏనాడూ అనుకోలేదు. చదవాలనుకున్నది వాళ్లాయన మరియదాసు మాస్టారు. ప్రవేశ పరీక్షకి ఆవిడ ఆయనకి తోడు వెళ్లింది, అంతే.

తూమాటివారిపాలెం మిషన్ హైస్కూల్లో ఆయన లెక్కలు చెప్పేవారు, ఆవిడ సైన్సు చెప్పేది. నేను అక్కడే తెలుగు పండితురాలిని. నా పేరు జ్ఞానప్రసూనాంబ. అంత పేరు పలికేలోపు గంట కొట్టేస్తారని పిల్లలు నన్ను తెలుగమ్మ అనేవాళ్లు. గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే బస్సెక్కి, సగం దారిలో దిగి, పత్తిచేల మధ్య నడిస్తే మా బడి వస్తుంది. బడికి ఒక పక్క చర్చి, మూడు పక్కలా మిరప తోటలు.

ఎనభై రెండులో ఒకరోజు మా కరస్పాండెంటు ఇమ్మానియేలు అయ్యగారు ఉపాధ్యాయులందరినీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు. ఆయన చర్చికి పాస్టరు, బడికి యజమాని. మెత్తని మనిషి. అయితే ఏ సంగతి చెప్పినా ప్రసంగంలాగే చెప్పేవారు.

"ఇకమీదట హెడ్మాస్టరంటే గంట కొట్టించేవాడు కాదు, నాయకుడు! మన హెడ్మాస్టరు గారు ఇంకో రెండేళ్లలో రిటైరవుతారు. ఆ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్లు విద్యా పాలన ముఖ్యాంశంగా ఎం.ఎడ్. చేసి ఉండాలని గుంటూరులో మిషన్ పెద్దలు నిర్ణయించారు."

అందరం మరియదాసు మాస్టారి వంక చూశాం. సీనియరు ఆయనే. ఆయన అప్పుడే నాయకుడిలా కాలు మీద కాలు వేసుకున్నారు.

ఆయనకి రాని లెక్క లేదు. అయితే పరీక్ష హాలంటే మాత్రం చెడ్డ భయం. ఆ రాత్రి అన్నం దగ్గర భార్యతో అన్నారట.

"ఏవే, నువ్వూ ఒక దరఖాస్తు పడెయ్. హాల్లో నువ్వు కనపడితే నాకు ధైర్యంగా ఉంటది."

"నేనేం రాస్తానండీ? నాకేం తెలుసు?"

"ఏదో ఒకటి గీకు. నిన్నెవడు దిద్దుతాడే!"

తీరా వెళ్తే పేర్ల వరుస ప్రకారం కూర్చోబెట్టారు. ఎలీసమ్మ కింద గదిలో, మరియదాసు మాస్టారు మేడ మీద. ఆయన ఉండబట్టలేక మంచినీళ్ల వంకతో కిందికి దిగి, కిటికీలోంచి ఆవిడ కనిపిస్తోందో లేదో చూసుకుని మళ్లీ పైకెళ్లేవారు. కాసేపటికి మళ్లీ దాహం. చివరికి కాపలా ఉన్నాయన విసుక్కుని, "ఏమండీ, మీరు పరీక్ష రాయడానికొచ్చారా, బావి తవ్వడానికొచ్చారా?" అన్నాడు.

ఎలీసమ్మకి చేసే పనేం లేదు. ఊరికే కూర్చుంటే బాగుండదని ప్రశ్నలన్నీ చదివింది. తెలిసినవి రాసింది. తెలియనివి ఆలోచించి రాసింది. టైము మిగిలితే అంతా మళ్లీ దిద్దుకుంది.

ఆవిడకి సీటొచ్చింది. ఆయన పేరు వెయిటింగు లిస్టులో ఉందన్నారు గానీ, ఆ లిస్టు కొస ఎవరూ చూడలేదు.

మాస్టారు నాలుగు రోజులు తలనొప్పని దుప్పటి కప్పుకుని పడుకున్నారు. అయిదో రోజు లేచి, బడికొచ్చి, స్టాఫ్ రూములో గట్టిగా ప్రకటించారు. "మేమిద్దరం ముందే అనుకుని ఇలా చేశాం. ఇంట్లో ఒకళ్లు చదివితే చాలు కదా!"

ఏడాదిపాటు ఎలీసమ్మ సెలవు పెట్టి రోజూ ఎర్రబస్సులో యూనివర్సిటీకి వెళ్లొచ్చింది. పిల్లలిద్దరూ గుంటూరు బోర్డింగులో ఉండేవాళ్లు కాబట్టి ఇంట్లో వంట మాస్టారి మీద పడింది. ఆయన వంట కూడా త్రైరాశికం ప్రకారమే చేసేవారు. కిలో గోంగూరకి ఇన్ని మిరపకాయలైతే పావుకిలోకి ఎన్ని? లెక్క ఎప్పుడూ తప్పేది కాదు. పచ్చడి మాత్రం నోట్లో పెట్టుకోలేకపోయేవాళ్లం. మధ్యాహ్నం క్యారియర్ విప్పి "రుచి చూడండి తెలుగమ్మగారూ" అంటే, నేను ఏదో ఒక ఉపవాసం ఉన్నానని చెప్పేదాన్ని. ఆ ఏడాది నా భక్తి గురించి ఊళ్లో చాలా గొప్పగా చెప్పుకున్నారు.

చదివిన పాఠాన్ని చదివినట్టే వదిలేసే మనిషి కాదు ఎలీసమ్మ. నాయకత్వం మూడు రకాలని పుస్తకంలో ఉంది. నిరంకుశ నాయకత్వం, ప్రజాస్వామిక నాయకత్వం, జోక్యరహిత నాయకత్వం. మూడూ ఇంట్లో పరీక్షించి చూడాలనుకుంది. పరీక్షించడానికి మొగుడు ఒక్కడే ఉన్నాడు.

మొదటి వారం నిరంకుశంగా ఉంది. మాస్టారికి తేడా ఏమీ తెలియలేదు.

రెండో వారం ప్రజాస్వామికంగా ఉంది. ఆదివారం చర్చి నుంచి రాగానే ఏం కూర వండాలన్న విషయం చర్చకి పెట్టింది. ఆయన వంకాయ అన్నారు, ఆవిడ దొండకాయ అంది. రెండు పక్షాలూ సమానం. పొద్దు వాలేదాకా చర్చ నడిచింది.

మూడో వారం ఎవరి పనిలో ఎవరూ జోక్యం చేసుకోలేదు. పొయ్యి ఎవరూ వెలిగించలేదు. ఇద్దరూ కలిసి మా ఇంటికి భోజనానికొచ్చారు.

చదువు చివర్లో ఆవిడ ఒక పరిశోధన చేయాల్సి వచ్చింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల హెడ్మాస్టర్లు ఏ రకం నాయకులో తేల్చాలి. బళ్లు తిరిగి, టీచర్లని ప్రశ్నలడిగి, జవాబులు రాయించుకోవాలి. ఒంగోలు వైపు ఒక బళ్లో గురునాథం గారని హెడ్మాస్టరు. పొట్టి మనిషి, పొడుగు బెత్తం. సంగతి వినగానే టీచర్లందర్నీ వరండాలో నిలబెట్టి, "ఇదిగో, ఈ అమ్మగారు అడిగితే నేను ప్రజాస్వామిక నాయకుణ్ణని రాయండి. ఒక్కడు తేడాగా రాశాడో, వాడి సంగతి తర్వాత చూస్తా!" అన్నారు.

అందరూ ఆయన చెప్పినట్టే రాశారు. ఎలీసమ్మ ఆ సంగతంతా ఉన్నదున్నట్టు తన పరిశోధనలో పెట్టింది. యూనివర్సిటీలో మౌఖిక పరీక్షకొచ్చిన ప్రొఫెసరు గారు ఆ పేజీ చదువుతూ కళ్లజోడు తీసి తుడుచుకున్నారట. నవ్వుకా, ఏడుపుకా అన్నది ఆవిడకి అర్థం కాలేదు. ఫస్టు క్లాసొచ్చింది.

ఎనభై నాలుగు జూన్లో ఎలీసమ్మ మా హెడ్మిస్ట్రెస్సయింది. ఆ రోజు మాస్టారు తెల్లచొక్కా వేసుకొచ్చి, అందరికంటే ముందు లేచి దండ వేశారు. దండ వేస్తూ "వందనాలు మేడం గారూ" అన్నారు. ఆవిడ సిగ్గుపడి పమిట సర్దుకుంది. పెళ్లిలో కూడా అంత సిగ్గుపడి ఉండదు.

ఇంటి సంగతులు బళ్లో, బడి సంగతులు ఇంట్లో మాట్లాడకూడదని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. గేటు దాటగానే ఆవిడ మేడం గారు, ఆయన మాస్టారూ. గేటు బయట ఆయన "ఏవే", ఆవిడ "ఏవండీ". ఒక్కోసారి గేటు సరిగ్గా మధ్యలో ఉండగా ఆయనకి ఏదో గుర్తొచ్చి నోరు తెరిచేవారు. ఏమని పిలవాలో తేలక అలాగే నిలబడిపోయేవారు. వెనక పిల్లలు వరుస కట్టేవాళ్లు.

బళ్లో ప్రజాస్వామికంగా ఉండాలని ఆవిడ గట్టిగా నిర్ణయించుకుంది. ప్రతిదానికీ ఓటింగు. మొదటి సమావేశంలోనే డ్రిల్లు మాస్టారు అంకమ్మరావు ఒక సమస్య తెచ్చాడు.

"ఉదయం ప్రార్థనలో పిల్లల మొహాలు తూర్పుకున్నాయండి. కళ్లలో ఎండ కొడతంది. పడమటికి తిప్పుదాం."

మరియదాసు మాస్టారు లేచారు. "ప్రార్థనలో కళ్లు మూసుకుంటారు కదయ్యా. మూసుకున్న కళ్లని ఎండేం చేస్తది?"

"సగంమంది మూసుకోరండి."

"అది ఎండ తప్పు కాదు, భక్తి తప్పు!"

ఓటింగు పెడితే సరిగ్గా సగానికి సగం వచ్చింది. మేడం గారు పడమటికి ఓటేస్తే, ఆవిడ భర్త తూర్పుకి వేశారు. ఇంట్లో ఏమనుకున్నారో తెలియదు గానీ, మర్నాడు మాస్టారి క్యారియర్లో పెరుగన్నం తప్ప ఏం లేదు. మళ్లీ సమావేశం, మళ్లీ సమానం. ఆఖరికి రాజీగా పిల్లల్ని ఉత్తరానికి తిప్పారు. ఉత్తరాన మరుగుదొడ్ల గోడ ఉంది. ఆ రోజు నుంచి పిల్లలు కళ్లతోపాటు ముక్కులు కూడా మూసుకుని ప్రార్థన చేశారు. వారం గడిచాక ఎవరూ ఏమీ అనకుండానే వరుసలు వాటంతటవే తూర్పుకి తిరిగిపోయాయి.

ఆ శివరాత్రికి పెదకాకానిలో ఎడ్ల బండలాగుడు పోటీలు పెట్టారు. మరియదాసు మాస్టారికి ఆ పోటీలంటే ప్రాణం. ఫైనలు పోటీ పండగయిన రెండో రోజున, బడికేమో అది పని దినం. ఆయన స్టాఫ్ రూములో కూర్చుని సెలవు చీటీ రాసి, అటెండరు రసూల్ చేత పక్కగదిలో ఉన్న మేడం గారికి పంపించారు. 'నా భార్యకు తీవ్రమైన జ్వరంగా ఉన్నందున, ఇంట్లో చూసుకొనువారు లేనందున, రేపు ఒక్కరోజు సెలవు దయచేయ ప్రార్థన' అని రాశారు. ఏళ్ల తరబడి పాత హెడ్మాస్టరు గారికి అదే మాట రాసి రాసి ఆయన చెయ్యి దానికే అలవాటు పడిపోయింది.

రసూల్ వెంటనే చీటీ వెనక్కి తెచ్చాడు. అడుగున ఎర్రసిరాతో ఇలా ఉంది. 'సదరు భార్యను విచారించగా, ఆమెకు జ్వరము లేదని తెలియవచ్చినది. సెలవు మంజూరు కాలేదు.'

మాస్టారు అది చదువుకుని, తల పట్టుకుని, "రసూల్, మేడం గారు కోపంగా ఉన్నారా?" అని అడిగారు.

"లేదండి. బల్ల మీద తలపెట్టుకుని నవ్వుతన్నారు."

ఇవన్నీ చిన్న విషయాలు. అసలు కష్టం మిరపకోతలతో వచ్చింది.

ఫిబ్రవరి వచ్చిందంటే మా బడి ఖాళీ అయిపోయేది. పిల్లలు తల్లుల వెంట కాయ కోతకీ, కళ్లాల్లో తాలుకాయలు ఏరడానికీ పోయేవాళ్లు. పండిన ఎర్రకాయల్లోంచి తెల్లబోయిన తాలుకాయల్ని వేరుచెయ్యడానికి చిన్నచేతులు బాగా పనికొస్తాయి. ఏడో తరగతిలో నేను పద్యం చెప్తుంటే వినేవాళ్లు ఇద్దరే ఉండేవాళ్లు. అందులో ఒకడికి కాలు విరిగింది కాబట్టి ఉండేవాడు.

ఎలీసమ్మ పుట్టింది కూలి ఇంట్లోనే. తుళ్లూరు వైపు పత్తిచేలల్లో కలుపు తీసే అమ్మానాన్నల బిడ్డ. కోతలకి పోయి పోయి ఆరో తరగతి రెండుసార్లు చదివింది. ఆ సంగతి ఎప్పుడూ చెప్పేది కాదు. కోతల సంగతి మీద పెట్టిన సమావేశంలో మాత్రం చెప్పింది. చెప్పి, "రేపట్నుంచి మధ్యాహ్నం బడి కళ్లంలో పెడుతున్నాం. కొండమ్మ ముఠా పనిచేసే కళ్లంలో. నేను మాట్లాడాను" అంది.

మరియదాసు మాస్టారు చెయ్యెత్తారు. "ఓటింగెప్పుడండీ మేడం గారూ?"

"ఓటింగు లేదు మాస్టారూ."

"అది నిరంకుశత్వం కదండీ?"

"అవునండీ. అదీ పుస్తకంలో ఉంది."

కొండమ్మ కోతకూలీల ముఠాకి మేస్త్రి. ఆవిడ గొంతు మూడు చేలు దాటి వినపడేది. బడికి ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. "చోటిస్తా, నీడిస్తా. మీ పంతుళ్లు ఊరికే నోరాడిస్తా కూచుంటే కుదరదు. చేతులు ఖాళీయేగా? తాలు ఏరుకుంటా పాఠం చెప్పుకోండి!"

అలాగే చెప్పాం. ఎర్రటి మిరప రాశుల మధ్య పట్టాలు పరిచి కూర్చుని, ఒక చేత్తో తాలు ఏరుతూ నేను సంధులు చెప్పాను. మొదటి రోజు నా సవర్ణదీర్ఘసంధి పూర్తిగా దగ్గులోనే జరిగింది. రెండు పదాలూ కలిసేలోపు మధ్యలో తుమ్మొకటి వచ్చి పడేది. అంకమ్మరావుకి ముక్కు ఎర్రగా ఉబ్బిపోయింది. పిల్లలకి మాత్రం ఏమీ కాలేదు. వాళ్లు ఆ ఘాటులోనే పెరిగారు. మా అవస్థ చూసి ఎంత సంబరపడ్డారంటే, ఎప్పుడూ బడికి రానివాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు.

పదిరోజులకి డిప్యూటీ గారు చెప్పాపెట్టకుండా తనిఖీకొచ్చారు. బళ్లను తనిఖీ చేసే అధికారి ఆయన. ఇస్త్రీ బట్టలు, నున్నగా గీసిన గడ్డం. బడి దగ్గర జీపు దిగేసరికి అక్కడ రసూలూ, ఆ పూట ఇన్‌చార్జిగా ఉన్న మరియదాసు మాస్టారూ తప్ప నరమానవుడు లేడు.

"బడేదయ్యా?" అన్నారు డిప్యూటీ గారు.

"ఇక్కడ లేదండి. కళ్లంలో ఉంది" అన్నారు మాస్టారు వినయంగా.

మాస్టారూ రసూలూ జీపెక్కి ఆయన్ని కళ్లానికి తీసుకొచ్చారు. సరిగ్గా అప్పుడే పడమటి గాలి లేచింది. మేం గాలికి వీపు పెట్టి కూర్చోవడం నేర్చుకున్నాం. డిప్యూటీ గారు దానికి ఎదురుగా నడిచొచ్చారు.

"ఎవరమ్మా ఇక్కడ హెడ్మిస్ట్రెస్? మీరు ఏ అధికారంతో... హాఁచ్!"

ఎలీసమ్మ లేచి నిలబడింది. "వందనాలండీ."

"ఏ అధికారంతో బడిని ఇలా... హాఁచ్! ఏ అధికా... హాఁచ్!"

పక్కనున్న రాశి మీద చెయ్యి ఆనించి ఆయన నిలదొక్కుకున్నారు. కళ్లు నీళ్లు కారుతుంటే, అదే చేత్తో గట్టిగా నులుముకున్నారు.

ఆ తర్వాత ఆయన వేసిన కేక గురించి ఊళ్లో చాలా కాలం చెప్పుకున్నారు. కొండమ్మ చేతిలో చేట అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చింది.

"ఒరేయ్ అబ్బాయ్! నులుముకోబాక! నులుముకోబాకంటంటే! అయ్యో, పట్నపోడికి ఆ మాత్రం తెలవదా!"

ఆయన అధికారి అని ఎవరో చెప్పబోతే ఆవిడ వినిపించుకోలేదు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, కడవలో నీళ్లతో మొహం కడిగి, చల్లటి మజ్జిగలో ముంచిన గుడ్డ కళ్లకి కట్టి, నులకమంచం మీద కూలేసింది. "కదిలావో, చూస్కో!" అంది. ఆయన కదల్లేదు.

కాసేపటికి మంట తగ్గినట్టుంది. కళ్లకి గుడ్డతోనే డిప్యూటీ గారు ఉద్యోగధర్మం గుర్తు తెచ్చుకున్నారు. "తనిఖీ ఆగదు. చూడలేకపోతే వింటాను. హాజరు తీయండి. ఉన్నవాళ్లందరూ గట్టిగా పలకాలి" అన్నారు.

అంకమ్మరావు పేర్లు పిలిచాడు. పిల్లలు పలికారు. ఆ పక్క రాశి దగ్గర కూర్చున్న ఆడకూలీలు, ఉన్నవాళ్లందరూ పలకాలంటే తాము కూడా కాబోలనుకున్నారు. పిల్లల పేర్లవగానే వాళ్లంతట వాళ్లే "ఉన్నామండోయ్!" అని మొదలెట్టారు. ఒక ముసలమ్మకి జీవితంలో ఎవరూ హాజరు వేయలేదట. ఉత్సాహం కొద్దీ రెండుసార్లు పలికింది. డిప్యూటీ గారు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఒకచోట ఆగిపోయారు.

"ఇదేంటి? మీ బళ్లో ఉన్న పిల్లలకంటే వచ్చినవాళ్లు ఎక్కువున్నారు?"

ఎలీసమ్మ మంచం దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, కోతల్లో పిల్లలు బడికి రారండి. అందుకని బడే పిల్లల దగ్గరికొచ్చింది. తప్పయితే నాదొక్కదానిదే. మావాళ్లనెవర్నీ అడగలేదు, ఓటింగు కూడా పెట్టలేదు."

మరియదాసు మాస్టారు ముందుకొచ్చారు. "అలా కాదండీ. నేను అనుకూలంగా ఓటేశాను."

"ఓటింగే జరగలేదు కదా మాస్టారూ!"

"ఇప్పుడేస్తన్నా" అని చెయ్యి పైకెత్తారు.

భార్య పక్షాన ఆయన ఓటు వెయ్యడం మేం చూడటం అదే మొదటిసారి. అంకమ్మరావు చెయ్యెత్తాడు. నేనెత్తాను. కొండమ్మ చేట ఎత్తింది. క్షణంలో కళ్లమంతా చేతులే.

"ఏం జరుగుతోంది?" అన్నారు డిప్యూటీ గారు గుడ్డ కింద నుంచి.

"అందరూ చేతులెత్తారండి" అన్నాడు రసూల్.

ఆయన ఒక్కసారిగా మంచం మీద లేచి కూర్చున్నారు. "దేనికయ్యా? నన్ను కొట్టడానికా?"

మొదట నవ్వింది ఎలీసమ్మే. ఆపుకుందామని నోటికి పమిట అడ్డం పెట్టుకుంది. ఆ పమిటకి కారముంది. తుమ్ముతూ నవ్వుతూ నేల మీద కూలబడింది. అందరం అంతే. ఆఖరికి డిప్యూటీ గారు కూడా నవ్వారు. గుడ్డ తీసి, టమాటా పళ్లలాంటి కళ్లతో కళ్లమంతా ఒకసారి కలియజూసి, మళ్లీ గుడ్డ కట్టేసుకున్నారు. సాయంత్రం దాకా అక్కడే పడుకుని పాఠాలన్నీ విన్నారు. కిరణజన్య సంయోగక్రియ మీద ఎలీసమ్మ చెప్పిన పాఠానికి మధ్యలో "ఊఁ" కూడా కొట్టారు.

నెల తిరక్కుండా రెండు కాగితాలు వచ్చాయి. ఒకదాంట్లో అనుమతి లేకుండా బడి ఆవరణ వదిలినందుకు సంజాయిషీ అడిగారు. రెండోదాంట్లో కోతల రోజుల్లో అంత హాజరు ఉన్నందుకు అభినందించారు. రెండిట్లోనూ సంతకం ఒక్కరిదే. ఇమ్మానియేలు అయ్యగారు రెండూ చదివి, "ఒక చేత్తో కొట్టి ఒక చేత్తో నిమిరారు. మంచి అధికారి" అన్నారు. అభినందన కాగితాన్ని ఆదివారం ప్రసంగంలో చదివారు. సంజాయిషీ కాగితం గురించి ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడు ముందే అనుమతి తెచ్చుకుని, గాలివాలు చూసుకుని కళ్లంలో బడి పెట్టాం. ఆ తర్వాత ఇంకో రెండూళ్ల వాళ్లు పెట్టారు. వేసవిలో హెడ్మాస్టర్లకి జరిగే శిక్షణా తరగతుల్లో మాట్లాడటానికి ఎలీసమ్మని పిలవడం మొదలుపెట్టారు.

ఎనభై ఎనిమిదిలో మరియదాసు మాస్టారికి కూడా హెడ్మాస్టరు పదవి వచ్చింది. అద్దంకి వైపు ఊళ్లో ఉన్న మిషన్ బడికి ఎవరూ వెళ్లకపోతే, ఎం.ఎడ్. లేకపోయినా సరేనని ఆయన్ని పంపించారు. ఆ వేసవి శిక్షణకి ఆయన కూడా రావాల్సి వచ్చింది. అక్కడ పాఠం చెప్పేది భార్యే. జరిగింది ఎలీసమ్మే తర్వాత నాకు చెప్పింది.

ఆయన ముందు బెంచీలో కూర్చున్నారు. కొత్త నోటు పుస్తకం తీశారు. ఆవిడ నాయకుడి లక్షణాలు చెప్పడం మొదలెట్టిన కాసేపటికే తల వాల్చి హాయిగా నిద్రపోయారు. గురక పెద్దదయ్యేసరికి హాలంతా ఆయన వంకే చూసింది. పక్కాయన లేపబోయాడు.

"లేపకండి" అంది ఎలీసమ్మ. "నిన్న రాత్రి బస్సులో నించుని వచ్చారు. కాసేపు పడుకోనివ్వండి."

అని గొంతు తగ్గించి పాఠం చెప్పింది. వెనక బెంచీల వాళ్లకి వినపడక ముందుకొచ్చి కూర్చున్నారు. ఆ పూట పాఠం అందరికీ బాగా అర్థమైందన్నారట.